మెయిన్ జెట్లు వదిలెయ్ తమ్ముడూ, నీ బండి రోగం అక్కడ లేదు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివా. నాకు అర్థమైంది ముందు చెప్తా, తేడా ఉంటే సరిచెయ్. బండి 1980 సుజుకి జీఎస్850జీ, నాలుగు మికునీ బీఎస్32 కార్బొరేటర్లు. పాత ఓనరు ఎయిర్‌బాక్స్ (కంపెనీ గాలి ఫిల్టర్ పెట్టె) పీకేసి ఒక్కో కార్బొరేటర్‌కి ఒకటి చొప్పున నాలుగు పాడ్ ఫిల్టర్లు తగిలించాడు, ఒరిజినల్ సైలెన్సర్ల బదులు ఫోర్ ఇంటూ వన్ పైపు వేశాడు. కంపెనీ వేసిన 115 నంబరు మెయిన్ జెట్లు (పెట్రోల్ కొలిచి వదిలే చిల్లున్న ఇత్తడి ముక్కలు, నంబరు పెరిగితే పెట్రోల్ పెరుగుతుంది) తీసి నువ్వు 130 వేశావ్, తర్వాత 140, ఇప్పుడు 150. అయినా బాధలు పోలేదు. ఒకే స్పీడులో నిదానంగా పోతుంటే 4000 ఆర్పీఎం దగ్గర మిస్సింగ్ కొడుతోంది. బండి ఆపితే ఐడ్లింగ్ 3000 దగ్గర వేలాడి వేలాడి అప్పుడు దిగుతోంది. ప్లగ్గులు తీస్తే మూడు తెల్లగా, రెండోది ఒక్కటే మసిగా ఉంది. చివర్లో ఇంకో ముక్క రాశావ్ చూడు, 150 వేశాక ఫుల్లుగా తిప్పితే బండి బరువెక్కినట్టు లాగుతోందని, నాకు అన్నిటికంటే పనికొచ్చిన ముక్క అదే.

నీ మూడు బాధల్లో ఒక్కటి కూడా మెయిన్ జెట్‌ది కాదు. ఆ బరువెక్కినట్టు లాగడం మాత్రం మెయిన్ జెట్‌దే, అది నువ్వు కొత్తగా తెచ్చిపెట్టుకున్న నాలుగోది.

కార్బ్ ట్యూనింగ్‌లో అందరం పడే పొరపాటు ఏంటంటే ఆర్పీఎం మీటర్ చూసి ఆలోచించడం. 4000 దగ్గర మిస్సింగ్ అనగానే మనకి అది పైన ఎక్కడో జరిగే గొడవలా అనిపిస్తుంది, కానీ సాఫీ రోడ్డు మీద 4000లో నిలకడగా పోతున్నప్పుడు నీ చెయ్యి యాక్సిలరేటర్‌ని పావు వంతు కూడా తిప్పి ఉండదు. పావు వంతు లోపల పెట్రోల్ ఎక్కువగా పైలట్ సర్క్యూట్ నుంచి, అంటే ఐడ్లింగ్‌కి పెట్టిన చిన్న జెట్ దారి నుంచి వస్తుంది, పావు నుంచి ముప్పావు దాకా సూదిలాంటి నీడిల్‌దీ, అది దిగే జెట్‌దీ రాజ్యం, మెయిన్ జెట్ నిజంగా లెక్కలోకి వచ్చేది ముప్పావు దాటాకే. నీవి సీవీ రకం కార్బ్‌లు కాబట్టి స్లైడు (నీడిల్‌ని పట్టుకుని పైకీ కిందికీ కదిలే ముక్క) నీ చేత్తో కాకుండా వాక్యూమ్‌తో లేస్తుంది, అందుకని ఈ హద్దులు కొంచెం అటూ ఇటూ జరుగుతాయ్, అయినా లెక్క మారదు. హ్యాండిల్ గ్రిప్ మీద ఒక టేప్ ముక్క, పక్కన కదలని చోట ఇంకో టేప్ ముక్క అంటించి పావు, సగం, ముప్పావు గీతలు గీసుకో. ఒకసారి అలా పెట్టుకుని తిరిగితే నీకే తెలుస్తుంది నీ మిస్సింగ్ ఏ గీత దగ్గర వస్తోందో, 115 నుంచి 150 దాకా మార్చినా అది ఎందుకు ఇంచు కదల్లేదో.

ఇప్పుడు ఆ రెండో ప్లగ్గు సంగతి, ఎందుకంటే అది అన్నిటికంటే తేలిక. నీ బండికి పెట్రోల్ కాక్ (ట్యాంకు కింది కుళాయి) వాక్యూమ్‌తో పనిచేస్తుంది, ఇంజిన్ తిరిగితేనే తెరుచుకుంటుంది. ఆ వాక్యూమ్ తెచ్చే సన్న గొట్టం ఎక్కడికి పోతోందో వేలు పెట్టి వెంబడించి చూడు, రెండో కార్బ్ దగ్గరికే పోతుంది, కూర్చున్నవాడి ఎడమ నుంచి లెక్కపెట్టు. కాక్ లోపల ఒక పల్చటి డయాఫ్రమ్ (సాగే పొర) ఉంటుంది, దానికి చిన్న చిల్లు పడితే ట్యాంకులోని పెట్రోల్ ఆ గొట్టం గుండా తిన్నగా రెండో సిలిండర్‌లోకి పీల్చుకుపోతుంది. మూడు లీన్‌గా (పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ) ఉండి ఒక్క రెండోది మాత్రమే మసిగా ఉందంటే నేను కార్బ్ జోలికి పోకముందు ఆ గొట్టమే ఊడదీస్తా. కార్బ్ వైపు కొన ఊడదీసి వాసన చూడు, లోపల తడి ఉందా చూడు. ఆ గొట్టంలో గాలి తప్ప పెట్రోల్ చుక్క కూడా ఉండకూడదు. తడి ఉంటే కాక్ మార్చెయ్, రిపేర్ కిట్ వేసి మళ్ళీ ఆర్నెల్లకి అదే పని చేసేకంటే కొత్తది నయం. ఇంజిన్ ఆయిల్ కూడా ఒకసారి వాసన చూడు, పెట్రోల్ వాసన కొడితే ఆయిల్ మార్చకుండా బండి స్టార్ట్ చెయ్యొద్దు, పల్చబడ్డ ఆయిల్‌తో బేరింగులు పోతాయ్. ఇది మాత్రం దయచేసి వాయిదా వెయ్యకు.

ఐడ్లింగ్ వేలాడటం, మూడు ప్లగ్గులు తెల్లగా ఉండటం, ఈ రెండూ కలిపి చదివితే ఎక్కడో గాలి దొంగతనంగా దూరుతోందని అర్థం. జీఎస్ బండ్లు నడిపిన వాళ్ళని ఎవర్నడిగినా ముందు ఒకటే మాట అంటారు, ఇన్‌టేక్ బూట్ల ఓరింగులు చూశావా అని. కార్బ్‌కి ఇంజిన్‌కి మధ్య ఉండే నల్ల రబ్బరు బూట్లు బయటికి బాగానే కనిపిస్తాయ్, నొక్కితే మెత్తగానే ఉంటాయ్, కానీ అవి ఇంజిన్ హెడ్‌కి ఆనే ముఖంలో ఒక గాడి, ఆ గాడిలో ఒక ఓరింగ్ ఉంటుంది, బూటు విప్పితే గానీ అది కనపడదు. నలభై ఏళ్ళు ఇంజిన్ వేడికి ఉడికి ఉడికి అది రబ్బరు లక్షణమే పోగొట్టుకుంటుంది. నేను మొదటి జీఎస్ తీసుకున్నప్పుడు దాదాపు రెండు నెలలు జెట్లు మారుస్తూ గడిపా, తెల్లారి బాగుండేది, ఇంజిన్ వేడెక్కాక మళ్ళీ మొదటికొచ్చేది. చివరికి బూట్లు విప్పితే ఓరింగ్ గాడిలో సమానంగా చదునైపోయి ఉంది, గుండ్రంగా ఉండాల్సింది పలకలా అయిపోయింది, చాకు కొనతో లేపితే వంగలేదు, పటుక్కుమని రెండు ముక్కలైంది. వేలిగోటితో గీరితే గీత కూడా పడలేదు. ఆ నాలుగు ఓరింగులు మార్చాక అదే జెట్లతో బండి ఐడ్లింగ్ 1100కి వచ్చి కూర్చుంది, నేను చాలాసేపు అక్కడే కూర్చుని వింటూ ఉండిపోయా.

కాబట్టి నాలుగు బూట్లు విప్పు, ఓరింగులు వైటాన్‌వి (వేడికి తట్టుకునే రబ్బరు) కొను, మామూలు రబ్బరువి ఆ వేడికి ఎక్కువ కాలం ఆగవు. బూటు స్క్రూలు విప్పేటప్పుడు ఒక జాగ్రత్త, అవి చూడటానికి మామూలు స్టార్ స్క్రూల్లా ఉంటాయ్ గానీ జపాన్ బండ్ల మీద ఉండేవి జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం, మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ పెడితే జారి తల అరిగిపోతుంది. జేఐఎస్ స్క్రూడ్రైవర్ ఒకటి కొనుక్కో, లేదా ఇంపాక్ట్ డ్రైవర్ పెట్టి సుత్తితో కొట్టి తిప్పు. మళ్ళీ బిగించేటప్పుడు అలెన్ బోల్టులు వెయ్, వచ్చేసారి ఏడవక్కర్లేదు. విప్పకముందే లీక్ ఉందో లేదో తెలుసుకోవాలంటే ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉంచి బూట్ల చుట్టూ స్ప్రే బాటిల్‌తో నీళ్ళు కొట్టు, ఆర్పీఎం మారితే అక్కడ గాలి దూరుతోంది. కార్బ్ క్లీనర్ గానీ స్టార్టింగ్ స్ప్రే గానీ కొట్టమని కొందరు చెప్తారు, వేడి ఇంజిన్ మీద నేనైతే ఆ పని చెయ్యను, నీళ్ళతోనే తెలిసిపోతుంది.

ఇంకొకటి, దీన్ని చాలామంది దాటేస్తారు. వాల్వ్ క్లియరెన్స్ (వాల్వ్ దగ్గర ఉండాల్సిన సన్నటి సందు) ఎప్పుడు చూశావ్? నువ్వు రాయలేదు కాబట్టి చూళ్ళేదనే అనుకుంటున్నా. ఈ ఇంజిన్‌కి స్క్రూ టాపెట్లు కావు, కామ్ కింద షిమ్ముల (కొలత మందం ఉన్న బిళ్ళల) మీద నడుస్తుంది, చల్లటి ఇంజిన్‌లో 0.03 నుంచి 0.08 మిల్లీమీటర్లు ఉండాలి. నడిచేకొద్దీ ఈ గ్యాప్ పెరగదు, తగ్గుతుంది, అంటే శబ్దం రాకుండానే బిగిసిపోతుంది, టక టక లేదు కదా బాగానే ఉందని అనుకుంటాం. వాల్వ్ పూర్తిగా మూసుకోకపోతే ఆ సిలిండర్ వాక్యూమ్ తక్కువ లాగుతుంది, అప్పుడు నువ్వు గేజులు పెట్టి కార్బ్‌లు సింక్ చేసినా, అంటే నాలుగూ సమానంగా లాగేలా సరిచేసినా, నువ్వు సరిచేసేది కార్బ్‌ని కాదు, వాల్వ్ తప్పుని దాచిపెడుతున్నావ్ అంతే. అలాగే స్పార్కు పుట్టించే కాయిల్ దగ్గర ఓల్టేజ్ కొలువు, బ్యాటరీ దగ్గర ఉన్నదానికంటే అర ఓల్టు మించి తగ్గితే పాత వైరింగ్, స్విచ్చు కాంటాక్టులు శుభ్రం చెయ్. బలం లేని స్పార్కు అచ్చం కార్బ్ రోగంలాగే కనిపిస్తుంది. ప్లగ్గులు కొత్తవి వెయ్, ఎన్‌జీకే బీ8ఈఎస్, గ్యాప్ 0.6 నుంచి 0.8.

ఇవన్నీ అయ్యాకే కార్బ్‌లు దింపు. దింపాక శుభ్రం చెయ్యడం అంటే పైపైన స్ప్రే కొట్టి తుడవడం కాదు. ఒక్కో కార్బ్ పూర్తిగా విప్పాలి, రబ్బరు ముక్క ఒక్కటి కూడా లోపల ఉండకుండా తీసేశాకే బాడీని క్లీనర్‌లో నానబెట్టాలి, స్లైడుకి ఉండే రబ్బరు డయాఫ్రమ్‌కి ఆ ద్రావకం తగిలితే ఉబ్బిపోయి పనికిరాదు. నాలుగు కార్బ్‌ల భాగాలు నాలుగు వేర్వేరు డబ్బాల్లో పెట్టుకో, కలపొద్దు. బటర్‌ఫ్లై (యాక్సిలరేటర్ తిప్పితే తెరుచుకునే పలక) దగ్గర గొట్టం పైభాగంలో సూది మొనంత చిల్లులు కొన్ని పక్కపక్కనే ఉంటాయ్, ఐడ్లింగ్ నుంచి పావు యాక్సిలరేటర్‌కి వెళ్ళేటప్పుడు పెట్రోల్ వచ్చేది వాటి నుంచే. పైలట్ స్క్రూ (ఐడ్లింగ్ మిశ్రమం సరిచేసే స్క్రూ) రంధ్రంలోంచి స్ప్రే కొట్టి ఆ చిల్లుల్లోంచి సన్నటి ధారలు విడివిడిగా రావడం కళ్ళతో చూడాలి, ఒక్కటి రాకపోయినా పని అవ్వనట్టే. పైలట్ స్క్రూ మీద ఇత్తడి మూత కొట్టి ఉంటే అది ఫ్యాక్టరీలో ఎవరూ తిప్పకుండా మూసింది, జాగ్రత్తగా చిన్న డ్రిల్ పెట్టి లాగెయ్, డ్రిల్ లోతుకి దిగి స్క్రూ తల పాడుచెయ్యకుండా చూసుకో. స్క్రూ కింద స్ప్రింగు, బుల్లి వాషరు, బుల్లి ఓరింగు ఉంటాయ్, ఆ ఓరింగు లోపలే అతుక్కుపోయి ఉంటుంది, చాలామంది అది ఉందనే తెలీకుండా దానిమీద ఇంకోటి వేస్తారు.

అలాగే పైలట్ జెట్ కింద చిన్న రబ్బరు బిరడా ఉంటుంది. ఎవరో ముందు విప్పినవాళ్ళు అది పనికిరాని ముక్క అనుకుని పడేసి ఉండొచ్చు. అది లేకపోతే పైలట్ జెట్‌కి పెట్రోల్ మెయిన్ జెట్ దారిలోంచి కాకుండా గిన్నెలోంచి (కార్బ్ అడుగున పెట్రోల్ నిలిచే చోటు) తిన్నగా వచ్చేస్తుంది, నువ్వు స్క్రూ ఎంత తిప్పినా ఐడ్లింగ్ కుదరదు. నాలుగూ ఉన్నాయా లెక్కపెట్టు. ఫ్లోట్ (గిన్నెలో తేలుతూ పెట్రోల్ మట్టం కాపాడేది) ఎత్తు 22.4 మిల్లీమీటర్లు, ఒక మిల్లీమీటర్ అటూ ఇటూ పర్లేదంటుంది మాన్యువల్, నేనైతే నాలుగూ ఒకదానికొకటి సమానంగా ఉండేలా చూస్తా, ఎందుకంటే గిన్నెలో పెట్రోల్ మట్టం మారితే అన్ని సర్క్యూట్లూ కలిసి మారతాయ్.

స్లైడ్ల సంగతి మర్చిపోవద్దు. డయాఫ్రమ్‌ని వెలుతురుకి ఎదురుగా సాగదీసి చూడు, గుండుసూది చిల్లు ఉన్నా తెలుస్తుంది. కార్బ్‌లు బిగించాక నాలుగు స్లైడ్లూ వేలితో పైకి లేపి ఒకేసారి వదులు, నాలుగూ ఒకే నిదానంతో దిగి ఒకేసారి తప్‌మని ఆనాలి. ఒకటి ముందే పడిపోయిందంటే దాని డయాఫ్రమ్ చిరిగినా చిరిగింది, మూత కింద అంచు మడత పడైనా ఉంది. పాత ఓనరు ఏదైనా జెట్ కిట్ వేశాడేమో కూడా చూడు, కొన్ని కిట్లలో స్లైడు అడుగు రంధ్రం డ్రిల్లుతో పెద్దది చెయ్యమని ఉంటుంది, స్లైడు త్వరగా లేవడానికి. నాకది నచ్చదు, ఒకసారి పెద్దదైన రంధ్రం మళ్ళీ చిన్నదవ్వదు, యాక్సిలరేటర్ గబుక్కున తిప్పినప్పుడు బండి ఉక్కిరిబిక్కిరి అవుతుంది. డ్రిల్ బిట్టు వెనక భాగం గేజులా పెట్టి నాలుగు రంధ్రాలూ ఒకే సైజో కాదో చూడు, స్ప్రింగులు ఎవరైనా కోశారేమో పక్కపక్కన నిలబెట్టి చూడు.

జెట్ల మీద నంబర్లు కూడా భూతద్దం పెట్టి చదువు. మికునీ కార్బ్‌లో మికునీ జెట్లే వెయ్, వేరే కంపెనీ 130 అంటే మికునీ 130 అని కాదు, మికునీ గుండ్రటి తల జెట్ల లెక్క వేరు, కీహిన్ లెక్క వేరు. చవక కిట్లలో వచ్చే ఇత్తడి సామాను నమ్మొద్దు, గాస్కెట్లు ఓరింగులు వాడుకుని నీ ఒరిజినల్ నీడిల్‌నీ, జెట్లనీ కడిగి మళ్ళీ వేసుకో.

ఇప్పుడు అసలు ట్యూనింగ్‌కి వద్దాం. 150 తీసెయ్, 130 వెయ్. పైలట్ జెట్ కంపెనీదే, 40, ఉంచు. పైలట్ స్క్రూ మెల్లగా ఆనేదాకా తిప్పు, బిగించొద్దు, మొన విరిగి కార్బ్ బాడీలో ఇరుక్కుంటే ఆ కార్బ్ పోయినట్టే. ఆనాక రెండున్నర చుట్లు వెనక్కి తిప్పు. నీ కార్బ్‌లో ఆ స్క్రూ ఇంజిన్ వైపు ఉంది కాబట్టి అది పెట్రోల్ స్క్రూ, బయటికి తిప్పితే రిచ్, అంటే పెట్రోల్ ఎక్కువ. ఫిల్టర్ వైపు ఉండే స్క్రూ అయితే అది గాలి స్క్రూ, బయటికి తిప్పితే లీన్. ఈ ఒక్క తేడా తెలీక ఎంతమంది ఉల్టా తిప్పుకుంటూ పోతారో.

పైలట్ దారి శుభ్రమయ్యాక కూడా నీ 4000 మిస్సింగ్ పోకపోతే మందు నీడిల్‌లో ఉంది, సీవీ కార్బ్‌లో హద్దులు అటూ ఇటూ జరుగుతాయన్నా కదా. పాడ్‌లు పెట్టాక గాలి తేలిగ్గా లోపలికొస్తుంది, స్లైడు మీద లాగుడు తగ్గుతుంది, నీడిల్ ఉండాల్సినంత ఎత్తులో ఉండదు, మధ్యలో లీన్ అవుతుంది. నీడిల్‌కి గాడులు చాలా ఉంటే క్లిప్పు ఒక గాడి కిందికి వెయ్, అంటే నీడిల్ పైకి లేస్తుంది. ఒకే గాడి ఉంటే క్లిప్పు కింద అర మిల్లీమీటరు మందం వాషరు ఒకటి వెయ్, మూడు మిల్లీమీటర్ల రంధ్రం ఉన్నవి ఎలక్ట్రానిక్స్ సామాన్లలో దొరుకుతాయ్. నాలుగిటికీ ఒకేలా. అక్కడున్న ప్లాస్టిక్ స్పేసర్ ఏ వరసలో ఉందో విప్పకముందే ఫోటో తీసుకో. అది సరిపోయిందో లేదో తెలుసుకోడానికి, సరిగ్గా ఆ మిస్సింగ్ వచ్చే చోట చెయ్యి కదపకుండా చోక్ కొంచెం లాగి చూడు, బండి తేరుకుంటే ఇంకా లీన్, ఇంకా చెడితే రిచ్ దాటేశావ్. ఇంకో గుర్తు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక మందగిస్తే రిచ్, వేడెక్కినా చోక్ అడుగుతుంటే లీన్.

మెయిన్ జెట్ తర్వాత. వాహనాలు లేని చోట, నాలుగో గేర్లో, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి లాగించు. ఫుల్లు నుంచి కొంచెం వెనక్కి వదిలినప్పుడు బండి ఉన్నట్టుండి ముందుకు దూకితే మెయిన్ చిన్నది, వదిలిన వెంటనే సాదాగా తగ్గితే సరిపోయింది. బరువుగా గొణుగుతున్నట్టు లాగితే పెద్దది, నీ 150 లాగా. ప్లగ్గు చదవాలంటే అదే ఫుల్లులో ఉండగా క్లచ్ పట్టి కిల్ స్విచ్ నొక్కి పక్కకి ఆగి తియ్యి, ఐడ్లింగ్‌లో ఇంటిదాకా వచ్చాక తీసిన ప్లగ్గు ఏమీ చెప్పదు. నా బండిలో ఇలాంటి పైపుకి 137.5 దగ్గర ఆగింది, నీది వేరే చోట ఆగొచ్చు. ఒకసారికి ఒక్క మార్పు, మార్చిన ప్రతిసారీ పుస్తకంలో రాసుకో, ఆరోజు చలా ఎండా కూడా రాయి, చల్లగాలి చిక్కగా ఉంటుంది కాబట్టి అదే జెట్ చలిలో లీన్‌గా నడుస్తుంది.

సింక్ చివర్లో. మిగతావన్నీ కుదిరాకే వాక్యూమ్ గేజులు పట్టుకో. రెండో కార్బ్ వాక్యూమ్ గొట్టం గేజుకి పోతుంది కాబట్టి కాక్ తెరుచుకోదు, అందుకని ట్యాంకు దింపి విడిగా ఎత్తులో వేలాడదీసిన చిన్న డబ్బా నుంచి పెట్రోల్ ఇవ్వు. ముందు ఒకటీ రెండూ సమానం చెయ్, తర్వాత మూడూ నాలుగూ, ఆఖర్న మధ్య స్క్రూతో ఈ జంటనీ ఆ జంటనీ కలుపు. ఇది గాలికి చల్లబడే ఇంజిన్, నిలబెట్టి ఎక్కువసేపు నడిపితే ఉడికిపోతుంది, ముందు పెద్ద ఫ్యాను పెట్టుకో. సింక్ అయ్యాక పైలట్ స్క్రూలు ఒక్కొక్కటిగా మెల్లగా తిప్పుతూ ఐడ్లింగ్ ఎక్కడ ఎక్కువ పెరుగుతుందో అక్కడ ఆపు, మళ్ళీ ఐడ్లింగ్ 1050కి దించు. ఏదైనా స్క్రూ మూడు చుట్లు దాటి కోరుతుంటే అప్పుడు పైలట్ జెట్ 42.5 వెయ్.

ఒక్కటి మర్చిపోయా, ఇది నీ దగ్గర కచ్చితంగా చూడాల్సింది. ఆ పాడ్ ఫిల్టర్ల లోపలి రబ్బరు పెదవి. కార్బ్ మూతి అంచులో చిన్న గాలి రంధ్రాలుంటాయ్, ఒకటి పైలట్‌కి, ఒకటి డయాఫ్రమ్ కింది గదికి. కొన్ని పాడ్‌ల పెదవి లోపలికి పొడుచుకొచ్చి సరిగ్గా వాటినే సగం మూసేస్తుంది, అప్పుడు ఏ జెట్ వేసినా లెక్క తప్పుతుంది. పాడ్ తీసి కార్బ్ మూతి మీద పడిన రబ్బరు ముద్ర చూడు, ముద్ర ఆ రంధ్రాల మీదుగా పోతుంటే పెదవిని బ్లేడుతో అంతమేర కోసెయ్, లేదా లోపల మెట్టు లేని పాడ్‌లు తెచ్చుకో. కార్బ్‌ల మధ్యనుంచి వచ్చే వెంట్ గొట్టాలు (గిన్నెలకి బయటి గాలి అందించేవి) కూడా ఎదురుగాలి తగలని చోటికి, ట్యాంకు కిందికి మళ్ళించు. పక్కనుంచి గాలి కొడితే గిన్నెల్లో ఒత్తిడి మారి మిస్సింగ్ వస్తుంది, అది నీ 4000 మిస్సింగ్‌తో కలిసిపోతే ఏది ఏదో తేల్చుకోలేవు.

ముందు ఆ సన్న గొట్టం, బూట్ల ఓరింగులు చూసి ఏం కనిపించిందో రాయి, ప్లగ్గుల ఫోటోలు పగటి వెలుతురులో తీసి పెట్టు, నీడిల్ దగ్గర నీతో పాటు నేనూ కూర్చుంటా.